కూల్చే ముందు పైపులు చూడండి

"ముప్పై ఏళ్లు దాటింది, ఇక బిల్డర్‌కిచ్చి కొత్తది కట్టించుకుందాం." హిమాయత్‌నగర్, అమీర్‌పేట, నల్లకుంట లాంటి చోట్ల పాత అపార్ట్‌మెంట్ల అసోసియేషన్ మీటింగుల్లో ఇప్పుడు గట్టిగా వినిపించే మాట ఇది. నేనిది ఒప్పుకోను. ఇందుకు చూపే రుజువులేమిటి? బాత్‌రూము కింద చెమ్మ, పై అంతస్తుకు సన్నగా వచ్చే నీళ్లు, ఏసీ వేస్తే పోయే ఫ్యూజు. వీటిలో ఒక్కటీ పిల్లర్ల బలహీనతకు రుజువు కాదు.

పాత జీఐ పైపు ముక్క ఒకటి కోయించి చూడండి. పైకి నిక్షేపంగా ఉంటుంది. లోపల తుప్పు గడ్డకట్టి, అంగుళం పైపులో పెన్సిలు దూరేంత సందు మిగిలి ఉంటుంది. ఎంత పెద్ద మోటారు పెట్టినా నీళ్లు ఆ సందులోంచే రావాలి. కరెంటు సంగతీ అంతే. ఫ్యాన్లకూ ట్యూబులైట్లకూ వేసిన సన్న వైర్ల మీద గీజర్లు, ఏసీలు నడుపుతున్నాం. 2 కిలోవాట్ల గీజరొక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుట్టిస్తాం. అప్పుడు ఫ్యూజు నిలుస్తుంది, గోడలో వైరు కాలుతుంది. ఎర్తింగు సరిచేసి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించడం ప్రాణాలకు సంబంధించిన పని. రంగులకు డబ్బు పోగుచేసే అసోసియేషన్లు దీన్ని వాయిదా వేయడం క్షమించరానిది.

ఎవరి ఫ్లాటు వాళ్లు బాగుచేసుకుంటే చాలన్న వాదనా తప్పే. కొత్త టైల్స్ వేసిన బాత్‌రూము నీళ్లు కూడా డక్టులోని పాత నిలువు పైపులోకే పోతాయి. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం ఉమ్మడి ఏర్పాట్లు అందరివీ. ఖర్చూ అందరిదే.

లీకేజీని ఏళ్ల తరబడి వదిలేస్తే మాత్రం నీళ్లు శ్లాబులోని చువ్వల దాకా పోతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది, పెచ్చులూడతాయి. ఆ తుప్పు పిల్లర్లకు, బీములకు పాకిందని పరీక్షల్లో తేలితే కూల్చాల్సిందే, అక్కడ నాకు పేచీ లేదు. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయించకుండా, క్యాలెండరు చూసి కూల్చడం మీదే నా అభ్యంతరం. కొత్త భవనంలోనూ పైపులు, వైర్లు పాతబడతాయి. అప్పుడు మళ్లీ కూలుద్దామా?

వచ్చే మీటింగులో డెవలప్‌మెంట్ అగ్రిమెంటు బల్ల మీదికి వస్తే, ముందు స్ట్రక్చరల్ ఇంజనీరు రిపోర్టు అడగండి. అది చేతికొచ్చేదాకా సంతకం పెట్టకండి.