మాటలో మర్మం: ‘రాను’ అంటే రానట్టేనా?

పిల్లలూ! హత్నూరలో ఒక కుర్రవాడూ, వాడి నాయనమ్మా ఉన్నారనుకోండి. వాడి తండ్రి పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పని చేస్తూ అక్కడే ఉంటున్నాడు. ఒకనాడు ఆయన దగ్గరనుంచి సెల్‌ఫోనుకు కబురు వచ్చింది.

నాయనమ్మకు చదువు రాదు. “ఏం రాసిండురా?” అని ఆత్రంగా అడిగింది. మనవడు తెరమీద కనబడిన మొదటి వరుస చదివాడు: “దసరాకు రాను”.

“ఏడాదికొక్క పండుగ, దానికీ రాడట!” అంటూ ముసలామె కొంగుతో కళ్ళు తుడుచుకున్నది. ఇంతలో వాడు కింది వరుస కూడా చదివాడు: “పోను ఖర్చులకు డబ్బు పంపుతున్నాను. నువ్వూ నాయనమ్మా రండి.”

చూశారా! అక్షరాలు అవే, అర్థం మాత్రం తలకిందులయింది.

‘నేను రాను’ అన్నప్పుడు ‘లేదు’, ‘కాదు’ అనే మాటలేవీ లేవు. మన తెలుగులో క్రియలోనే ఆ అర్థం ఇమిడిపోతుంది. చివరి ‘ను’ ‘నేను’ను తెలుపుతుంది. అందుచేత మనిషి మారితే మాటా మారుతుంది: నువ్వు రావు, వాడు రాడు, మేము రాము.

‘రాను పోను ఖర్చులు’ అన్నప్పుడు ‘రాను’కు ‘రావడానికి’ అని అర్థం. దీనికి మనిషితో పని లేదు. ఊరంతా కలిసి వెళ్ళినా అవి ‘రాను పోను’ ఖర్చులే గాని, ‘రాము పోము’ ఖర్చులు కావు!

ఈ తమాషా మనకే కాదు, ఇటలీవారికీ ఉన్నది. తెలుగు మాటల్లాగే వారి మాటలూ ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి. వారి భాషలో ‘సోనో’ అంటే ‘ఉన్నాను’ అనీ అర్థమే, ‘ఉన్నారు’ అనీ అర్థమే. మనలాగే వారూ ‘నేను’, ‘వారు’ అనే మాటలు తరచు వదిలేస్తారు. అప్పుడు ఆ ‘సోనో’ ఎవరిదో ముందువెనుకల మాటలే చెప్పాలి.

కనుక ఒక్క మాట చూసి సంతోషించవద్దు, దుఃఖించవద్దు. వాక్యం చివరిదాకా చదవండి.

ఇక మీకొక చిన్న పరీక్ష. “నేను ఆ బొమ్మ చూడను”, “నేను జాతర చూడను పోయాను” – ఈ రెండింటిలో ‘నేను’ తీసి ‘మేము’ పెట్టండి. ఏ ‘చూడను’ మారింది? ఏది మారలేదు? ఎందుకో మీ నాయనమ్మకు చెప్పండి!