ఈ ఏటికి నీళ్లెక్కడివి?

సియోల్‌లో ఒక్క సాయంత్రమే ఖాళీ దొరికిందా? షాపింగ్ పక్కనపెట్టి చంగ్గేచన్ ఏటి వెంట నడవండి. నేనదే చేశా.

రోడ్డు మీంచి మెట్లు దిగగానే ట్రాఫిక్ మోత సగం తగ్గిపోయింది. తక్కువ లోతు నీళ్లు, దాటడానికి వరసగా వేసిన పెద్ద పెద్ద రాళ్లు. ఆఫీసు అయిపోయినవాళ్లు బూట్లు విప్పేసి, కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నారు. జంటలు, కాలేజీ పిల్లలు, తాతలు, అమ్మమ్మలు... అందరూ అక్కడే. టికెట్ లేదు. వాన పెద్దదైతే మాత్రం కిందికి దిగనివ్వరు, నీళ్లు గబగబా పెరిగిపోతాయి.

ఒకప్పుడు ఇది మురుగు కాలువంటే నమ్మబుద్ధి కాదు. కొరియా యుద్ధం తర్వాత గట్ల మీద గుడిసెలు వెలిశాయి. 1958 నుంచి ఏటిపై కాంక్రీటు కప్పి రోడ్డు చేశారు. దానిమీద ఫ్లైఓవర్ కూడా కట్టారు. 2003లో అప్పటి మేయర్ లీ మ్యుంగ్‌బాక్ ఆ ఫ్లైఓవర్‌ని తీయించడం మొదలుపెట్టారు. 2005 అక్టోబరుకల్లా దాదాపు 5.8 కిలోమీటర్ల మేర ఏరు జనానికి దక్కింది. తూర్పు వైపు చాలాదూరం నడిస్తే నీళ్లలో మూడు స్తంభాలు కనిపిస్తాయి. పాత ఫ్లైఓవర్‌వే, గుర్తుగా వదిలేశారు.

ఇంత అందం వెనక రెండు సంగతులున్నాయి. ఈ నీళ్లలో ఎక్కువ భాగం హాన్ నది నుంచి మోటార్లతో రోజూ తోడి పోసేవే. మోటార్లు ఆగితే ఏరు చిక్కిపోతుంది. రెండోది, ఇక్కడ రోడ్డు పక్కన సరుకులు అమ్ముకుని బతికినవాళ్లలో చాలామందిని దగ్గర్లోని దొంగ్‌డేమున్ స్టేడియానికి పంపారు. కొన్నేళ్లకే ఆ స్టేడియాన్నీ కూల్చేశారు. వాళ్లు మళ్లీ మూటలు సర్దుకోవాల్సొచ్చింది.

ఇవన్నీ మనకెందుకంటారా? 2024 అక్టోబరులో తెలంగాణ మంత్రుల బృందం మూసీ కోసం చూసొచ్చింది ఈ ఏటినే. చాదర్‌ఘాట్ దగ్గర ముక్కు మూసుకోకుండా నడవాలని నాకూ ఉంది. కానీ సియోల్‌లో ఏటి మీంచి తీసింది ఫ్లైఓవర్‌ని. మూసీ గట్టున ఉన్నవి ఇళ్లు, వాటిలో మనుషులు. పైగా మూసీలోకి ఊరి మురుగు ఇంకా వచ్చి పడుతూనే ఉంది. ముందు అది ఆగాలి.

అందుకే మూసీ గ్రాఫిక్స్ వీడియో మీ ఫోన్‌కొస్తే, షేర్ చేసేముందు రెండు ప్రశ్నలు అడగండి. శుభ్రమైన నీళ్లెక్కడి నుంచి వస్తాయి? అక్కడున్నవాళ్లు ఎక్కడికి పోతారు?