పద్దెనిమిది వందల పెట్టె మీద ఎందుకింత చిన్నచూపు?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఆ మధ్య ఒక కొట్టు మెట్లెక్కి డీవీడీ రైటర్ కావాలంటే, కౌంటర్ దగ్గరి కుర్రాడికి నవ్వాగలేదు. "ఇంకా అవెవరు వాడుతున్నారంకుల్? పెన్‌డ్రైవ్ తీసుకోండి" అన్నాడు. అతన్ని తప్పుపట్టను. మా అబ్బాయి అన్నదీ అదే, ఆఫీసులో మిత్రులు అన్నదీ అదే. డీవీడీ పని అయిపోయింది, దాని మీద రూపాయి పెట్టినా దండగే అన్నది ఇవాళ అందరి నోటా వినిపించే మాట. ఆ మాట తప్పంటాను.

వాళ్ల వాదనలో బలం లేదనను. కొత్త ల్యాప్‌టాప్‌లకు డ్రైవ్ రావడం దాదాపు మానేసింది. డీవీడీ సినిమా ఆడించే సౌకర్యాన్ని విండోస్ 8తోనే మైక్రోసాఫ్ట్ తీసేసింది. 2025 ఫిబ్రవరిలో సోనీ, రికార్డు చేసుకునే బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేసింది. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ, 128 జీబీ ఫోన్ నిండితే దాన్ని దించుకోవడానికి 28 డిస్కులు కావాలి. అన్నీ నిజాలే. వీటివల్ల తేలేది మాత్రం, రేపు తీయబోయే వీడియోలన్నిటికీ డీవీడీ చాలదని. నిన్న తీసి డీవీడీలో పెట్టుకున్నవాటి సంగతేమిటి?

మా చెల్లెలి పెళ్లి 2007లో. స్టూడియో వాళ్లు వెల్వెట్ అట్టపెట్టెలో మూడు డీవీడీలు ఇచ్చారు. అవి ఇన్నేళ్లూ బీరువాలో పట్టుచీరల కింద పడివున్నాయి. అసలు క్యాసెట్ కోసం తర్వాతెప్పుడో స్టూడియోకి వెళ్తే, "దాని మీద అప్పుడే ఇంకో పెళ్లి ఎక్కించేశాం సార్" అన్నారు. అంటే ఆ పెళ్లి వీడియోకి మిగిలిన దిక్కు ఆ మూడు బిళ్లలే.

నేను కొన్న రైటర్‌కి పద్దెనిమిది వందలయింది. మొదటి రెండు డిస్కులూ చక్కగా కాపీ అయ్యాయి. మూడోది 90 శాతం దాకా వచ్చి ఆగిపోయింది. డ్రైవ్ గుర్రుగుర్రుమంటూ అక్కడక్కడే తిరుగుతోంది. తీసి వెలుతురులో వంచి చూస్తే, ఊదారంగు ముఖం మీద వేలిముద్రలు, అంచున వెలిసినట్టున్న మచ్చ. డీవీడీలో రాత నడిమి నుంచి మొదలై అంచువైపు సాగుతుంది. అంచు పాడైతే పోయేది చివరిభాగం, పెళ్లి వీడియోలో చివర ఉండేవి అప్పగింతలు. మెత్తని గుడ్డతో నడిమి నుంచి అంచుకు తిన్నగా తుడిచాను. గుండ్రంగా తుడిస్తే పడే గీత రాత వెంబడే పోయి అసలుకే మోసం వస్తుంది. రెండు గంటలు కుస్తీ పడితే చివరి మూడు నిమిషాలు తప్ప మిగతాదంతా వచ్చింది. కారు కదిలే దృశ్యం పోయింది. నాన్న చెల్లెలి చెయ్యి తీసి అల్లుడి చేతిలో పెడుతూ మాట తడబడిన ఘట్టం మిగిలింది. ఆయన ఇప్పుడు లేరు.

మనం ఇంట్లో, స్టూడియోలో రాయించుకున్న డీవీడీల్లో సమాచారం నిలిచేది ఒక రంగుపొర మీద. ఎండ, వేడి, తేమ దాన్ని మెల్లగా తినేస్తాయి. ఇటు డిస్కు వెలిసిపోతోంది, అటు దాన్ని చదివే యంత్రం బజారులో అరుదవుతోంది. "పాతబడింది కాబట్టి కొనొద్దు" అనేవాళ్లు గమనించాల్సింది ఇదే. పాతబడుతోంది కనకనే ఇప్పుడే కొనాలి.

క్లౌడ్ ఉంది కదా అంటారు. ఫోటోలు ఎన్నయినా ఉచితంగా దాచుకోమన్న గూగుల్, 2021 జూన్ 1 నుంచి ఆ వెసులుబాటు తీసేసింది. జీమెయిల్‌తో కలిపి 15 జీబీ దాటితే డబ్బు కట్టాల్సిందే. పెన్‌డ్రైవ్‌లో ఉండేది విద్యుదావేశం. ఏళ్ల తరబడి సొరుగులో పడివుంటే అదీ కారిపోవచ్చు. వాటిని మానేయమనడం లేదు. ఒకసారి రాసి ముగించిన డీవీడీ-ఆర్‌ను మాత్రం ఏ వైరస్సూ చెరపలేదు, ఏ పసివాడి వేలూ డిలీట్ నొక్కలేదు. నాలుగు ఎంబీల ఫోటోలైతే వెయ్యికి పైగా పడతాయి. ఏడాదికి ఒక డిస్కు చాలు. ఏవి దాచాలో కూర్చుని ఎంచుకోవడమే అసలు పని.

కొనడానికి ఒప్పుకున్నవాళ్లను ఇంకో భ్రమ పట్టుకుంటుంది: ఎక్స్ అంకె ఎంత పెద్దదైతే అంత మేలని. ఒక ఎక్స్ అంటే సెకనుకు సుమారు 1.4 ఎంబీ. యూఎస్‌బీ రైటర్లు మామూలుగా 8ఎక్స్. నిండు డిస్కు రాయడానికి పది నిమిషాలు. లోపల బిగించే 24ఎక్స్ డ్రైవ్ అందులో సగం సమయం తీసుకుంటుంది. ఆ ఐదు నిమిషాలూ టీ కాచుకోవడానికి పనికొస్తాయి. 'మల్టీ ఫార్మాట్' అన్న ముద్ర చూసి ఎక్కువ డబ్బూ ఇవ్వక్కర్లేదు. మైనస్ ఆర్, ప్లస్ ఆర్ అని కంపెనీలు రెండు జట్లుగా కొట్టుకున్న రోజుల్లో, రెండూ రాసే డ్రైవ్‌ను 2002లో సోనీ తెస్తే అది గొప్ప. ఇప్పుడు చవక డ్రైవ్ కూడా రెండూ రాస్తుంది, 8.5 జీబీ డబుల్ లేయర్‌తో సహా. చూసుకోవాల్సినవి వేరు: బయటికొచ్చే ట్రే ఉండాలి, పాత హ్యాండీక్యామ్ చిన్న బిళ్లలు లోపలికి లాక్కునే డ్రైవ్‌లకు సరిపడవు. ఒక్క యూఎస్‌బీ పోర్టు కరెంటు చాలక మధ్యలో ఆగిపోతుంటే రెండు తలల కేబుల్ వాడాలి. మిగిలిన డబ్బు మంచి డిస్కుల మీద పెట్టండి, రాశాక వెరిఫై చెయ్యండి.

పార్క్‌లేన్ కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయి. వాళ్లమ్మానాన్నల పెళ్లి కూడా ఏ సీడీలోనో, డీవీడీలోనో ఉండే ఉంటుంది. ఈసారి డిస్కులు కొనడానికి వెళ్లినప్పుడు నవ్వనిచ్చి, ఆనక అడుగుతాను: మీ ఇంట్లో బీరువా అడుగున ఏముందో ఎప్పుడైనా చూశావా నాయనా?