రెండు మరల కోసం రెండు నెలలు

ఈ వారం స్క్రూల గురించి రాస్తున్నానంటే నవ్వకండేం! వంటింటి పేజీలో గిటారు గోలేమిటి అని పక్కకి తిప్పేయకండి. కుక్కరు పిడి ఊడినా, మిక్సీ కాలు పోయినా, కుట్టుమిషను మర జారినా మన పాట్లు ఇవేగా! చివరిదాకా చదివితే మీకే పనికొస్తుంది.

మా బావగారు, అంటే మావారి పెద్దన్నగారు, మావారికంటే పద్దెనిమిదేళ్లు పెద్ద. మామగారు పోయాక ఈ సంసారాన్ని ఒడ్డుకి చేర్చింది ఆయనే. పగలు గుమాస్తా ఉద్యోగం, సాయంత్రాలు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా. అందులో ఆయన బేస్ గిటార్ వాయించేవారు. మావారి డిగ్రీ ఫీజులూ, మా ఆడపడుచు పెళ్లి ఖర్చులో సగమూ ఆ గిటారు సంపాదించినవే. అంచేత మా ఇంట్లో దాన్ని వస్తువు అనరు, మనిషిలాగే చూస్తారు.

ఆ గిటారు అమెరికాలో తయారైన ఫెండర్ ప్రెసిషన్ బేస్, 1970ల నాటిది. లాలాగూడలో రైల్వేలో పనిచేసిన ఓ ఆంగ్లో ఇండియన్ పెద్దాయన 1981లో కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్లిపోతూ అమ్మితే, అక్కయ్య, అంటే మా తోడికోడలు, తన చేతి గాజులు రెండు కుదువ పెట్టి కొనిపెట్టిందట. మామూలు గిటారుకి ఆరు తీగలు. దీనికి నాలుగే, లావుపాటివి. మామూలు గిటారు కింది నాలుగు తీగలకంటే ఒక స్థాయి కిందికి పలుకుతుంది. పాట వినేటప్పుడు దాన్ని ఎవరూ విడిగా పట్టించుకోరు గానీ, అది ఆగిందా, పాట చప్పబడిపోతుంది. కూరలో ఉప్పులాంటిదన్నమాట! దీనికి ముందు మనిషంత ఎత్తు డబుల్ బేస్‌ని మోసుకు తిరిగేవారట. లియో ఫెండర్ అనే ఆయన 1951లో కాలిఫోర్నియాలో ఈ ప్రెసిషన్ బేస్‌ని బజారులోకి తెచ్చారు. మెడ మీద మెట్లుంటాయి కనుక స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు పెట్టారు.

రెండేళ్ల కిందట అక్కయ్య పోయింది. బావగారు మా దగ్గరికి వచ్చేశారు. ఏం పెడితే అది తింటారు, ఏదీ అడగరు. ఇల్లంతా తిరుగుతూ ఉంటారు గానీ మాట ఉండదు. అలాంటి మనిషి ఓ రోజు, “అమ్మా, అటక మీద ఆ పెట్టె ఓసారి దింపిస్తావా?” అన్నారు. నా ప్రాణం లేచొచ్చిందనుకోండి!

పెట్టె తెరిచి తుడిచి తీగలు సవరించారు. మూడు తీగలు బాగానే పలికాయి. అన్నిటికంటే లావు తీగ మాత్రం “బర్ర్” మంది. చూస్తే దాని కింద మరలు రెండూ లేవు. “పోనీలేమ్మా, నాలాగే పాతబడింది” అని పెట్టె మూసేశారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఇంతకీ ఆ మరలేమిటంటారా? గిటారు కింది చివర తీగలు ఆనే ఇనుప పీటని బ్రిడ్జ్ అంటారు. దాని మీద తీగకొకటి చొప్పున నాలుగు చిన్న దిమ్మెలుంటాయి, వాటిని సాడిల్ అంటారు. ఒక్కో దిమ్మెకి రెండు బుల్లి మరలు కాళ్లలాగా ఉంటాయి. బిగిస్తే తీగ లేస్తుంది, వదులు చేస్తే దిగుతుంది. మొత్తం ఎనిమిది. వాటికి తల ఉండదు, పైన ఆరు మూలల చిన్న గుంట ఉంటుంది. కొట్లో గ్రబ్ స్క్రూ అంటారు. కాళ్లు లేని దిమ్మె కూలబడితే తీగ మెట్లకి తగిలి బర్రుమంటుంది. అదీ సంగతి!

ఓ ఆదివారం నేనూ మావారూ ఒక మరని నమూనాగా తీసుకుని సికిందరాబాదు రాణీగంజ్ వెళ్లాం. నట్లూ బోల్టుల కొట్లన్నీ అక్కడేగా. మూడు మిల్లీమీటర్లది ఇచ్చారు, లోపల లొడలొడలాడింది. నాలుగుది ఇచ్చారు, అసలు దూరలేదు. గిటార్లు బాగుచేసే చోట అడిగితే బ్రిడ్జ్ మొత్తం మార్చెయ్యమన్నారు. లేతు పనివాడొకాయన “రంధ్రం పెద్దది చేసి కొత్తగా మర కోసేస్తా” అన్నాడు. బావగారు రెండింటికీ తల అడ్డంగా ఊపారు. “ఒకసారి కోసింది మళ్లీ పూడదమ్మా” అన్నారు. నిజమే కదా!

ఇలా నెలకి పైగా తిరిగాక ఒక కొట్లో మూడున్నర మిల్లీమీటర్లది దొరికింది. లావు అచ్చం అంతే! ఇంటికి పరుగెత్తుకొచ్చి నేనే పెట్టాను. రెండు చుట్లు హాయిగా తిరిగింది. మూడోది బిగుసుకుంది. పాతది కదా, తుప్పేమోనని ఇంకాస్త బలం పెట్టాను. “కిర్రు”మంది. పక్క గదిలోంచి బావగారు, “ఆపమ్మా!” అన్నారు. ఆయన గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. నెమ్మదిగా వెనక్కి తిప్పి తీశాం. దిమ్మెలో మొదటి చుట్టు కాస్త నలిగింది గానీ దేవుడి దయవల్ల చెడలేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. గాజులు పెట్టి కొన్న గిటారు నా చేతుల్లో పాడయ్యేది!

అప్పుడు బావగారే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పారు. మరకి లావొక్కటే కొలత కాదు, చుట్ల దగ్గరితనం కూడా కొలతేనట. రెండూ కుదిరితేనే అది ఆ రంధ్రానికి మర. లావు కుదిరి చుట్లు కుదరకపోతే ఒకటి రెండు చుట్లు మోసపుచ్చి తర్వాత పట్టేస్తుంది. “మంచి మర వేళ్లతోనే దిగాలి. బలం పెట్టాల్సి వచ్చిందంటే అది దానిది కాదు” అన్నారు.

సరే, చుట్లు లెక్కపెడదామని కూర్చున్నాను. కుట్టుమిషను దగ్గరి టేపులో అంగుళాల వైపు పక్కన పెట్టి, మరని సెల్‌ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చూశాం. బియ్యంలో రాళ్లేరే కళ్లు కదా మనవి! అర అంగుళంలో పదహారు చుట్లు. అంటే అంగుళానికి ముప్ఫై రెండు. మిల్లీమీటర్లలో చూస్తే చుట్టుకీ చుట్టుకీ మధ్య ఇంచుమించు 0.8. నేను కొన్న మూడున్నర మిల్లీమీటర్ల మరకి 0.6 మాత్రమే. మరెలా దిగుతుంది చెప్పండి? అమెరికావాళ్లది అంగుళాల లెక్క, మన బజారులో ఎక్కువగా దొరికేది మిల్లీమీటర్ల లెక్క. తిరిగిన కొట్లన్నిటిలో మేం తప్పు లెక్కలో అడుగుతున్నామన్నమాట!

మన ఇళ్లల్లో దేనికైనా పనికొస్తాయని స్క్రూలు దాచే బిస్కెట్ల డబ్బా ఒకటుంటుందిగా. అది పళ్లెంలో బోర్లించాను. ఒక్కోదాన్నీ నమూనా మర పక్కన నిలబెట్టి చుట్లలో చుట్లు ఇరికించి దీపం వైపు చూడాలి. సందులోంచి వెలుతురు కనిపించకుండా పళ్లు పళ్లూ కలిసిపోతే చుట్లు ఒకటే. యాభై పైన చూశాక ఒకటి అచ్చంగా అతుక్కుపోయింది. అదేమిటనుకున్నారు? మా అబ్బాయి పాత కంప్యూటరు డబ్బా పక్కరేకుకి బిగించే స్క్రూ! దిమ్మెలో పెడితే వేళ్లతోనే వెన్నలో చెంచాలా దిగింది. దానికి తల ఉంది కాబట్టి అలాగే వాడలేం గానీ, దాని పేరు తెలిస్తే చాలుగా. మా అబ్బాయి చెప్పాడు, ఆ మోటు చుట్ల స్క్రూని 6-32 అంటారట. ఆరో నంబరు లావు, అంగుళానికి ముప్ఫై రెండు చుట్లు. అదే కంప్యూటర్లో సీడీ డ్రైవ్‌కి బిగించేవి సన్న చుట్లవి, మూడు మిల్లీమీటర్లవి. రెండూ ఒకేలా కనిపిస్తాయి, కలిపేసుకోకండి.

మర్నాడు మళ్లీ రాణీగంజ్. ఇంతకుముందు లేదన్న కొట్లోనే, “6-32 గ్రబ్ స్క్రూలున్నాయా?” అని అడిగాను. పెద్దాయన కళ్లజోడు పైకి తోసి, “ముందే ఇలా అడగొచ్చుగదమ్మా!” అంటూ లోపల్నుంచి డబ్బా తెచ్చారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు! పొడవు పావు అంగుళం, మూడు ఎనిమిదోవంతుల అంగుళం, అర అంగుళం, మూడు రకాలూ నాలుగేసి తీసుకున్నాం. మెడ పైభాగం కాస్త గుండ్రంగా ఉంటుంది కనుక అంచు తీగలకంటే మధ్య తీగలు ఎత్తుగా ఉండాలి. అంచున పొడుగు మర పెడితే పైకి పొడుచుకొచ్చి అరచేతికి గుచ్చుకుంటుంది. అంచు తీగ కిందికి మూడు ఎనిమిదోవంతులది సరిపోయింది.

ఇలాంటి పాత వస్తువు మీ ఇంట్లోనూ ఉంటే నేను నేర్చుకున్నవి నాలుగు గుర్తుపెట్టుకోండి. మర తిప్పేముందు తీగ వదులు చెయ్యండి. లావు తీగ పదిహేను ఇరవై కిలోల బరువు వేలాడదీసినంత లాగుతూ ఉంటుంది, దాని కింద మర తిప్పితే గుంట అరిగిపోతుంది. తుప్పు పట్టినదానికి తుప్పు వదిలించే నూనె ఒక్క చుక్క పుల్లతో వేసి రాత్రంతా వదిలెయ్యండి. కొబ్బరినూనె, వంటనూనె వద్దు, జిగురు కడతాయి. ఈ మరకి పదహారోవంతు అంగుళం అలెన్ కీ కావాలి. ఒకటిన్నర మిల్లీమీటర్లది చూడటానికి సరిపోయినట్టే ఉంటుంది గానీ, వెంట్రుకవాసి వదులుగా ఉండి మూలలు తినేస్తుంది. ఇక ఆఖరిది, నమూనా లేకుండా కొట్టుకి వెళ్లకండి, ఆ నమూనాని పారేసుకోకండి.

ఆ సాయంత్రం బావగారే మరలు రెండూ వేళ్లతో దింపుకుని, తీగ బిగించి, చిన్న స్పీకరు పెట్టెకి తగిలించి మీటారు. “ధుమ్” మంది. వంటింట్లో అలమరలో స్టీలు గ్లాసులు సన్నగా మోగాయి. మావారు పేపరు పక్కన పెట్టేశారు. బావగారు ఏదో పాతపాటకి కింది స్వరాలు ఒక పావుగంట వాయించి, ఆపి, “మీ అక్కయ్యకి ఈ పాట ఇష్టమమ్మా” అన్నారు. ఆ తర్వాత రాత్రి భోజనాల దగ్గర, పచ్చిపులుసు ఇంకాస్త వెయ్యమని అడిగారు. రెండేళ్లలో ఆయన నోరు తెరిచి మారు అడగడం అదే మొదటిసారి.

మిగిలిన మరలన్నీ చిన్న కవర్లో వేసి, “6-32, అలెన్ కీ పదహారోవంతు అంగుళం” అని చీటీ రాసి గిటారు పెట్టెలో పెట్టాను. రేపు మా తర్వాతివాళ్లు ఎవరైనా తెరిస్తే మాలా తిరగనక్కర్లేదు. మీరూ మిక్సీకి, కుట్టుమిషనుకి అలా ఒక చీటీ రాసి పెట్టుకోండి. ఈ ఆదివారం మీ స్క్రూల డబ్బా ఓసారి బోర్లించి చూడండి, ఏం దొరికిందో నాకు రాయండి.

ఉంటాను మరి. వచ్చే వారం కలుద్దాం!