కంప్యూటర్ లోకం: పిండి ఒకటే, అచ్చులు వేరు

రూపంలో వేరైన వెబ్‌సైట్ల వెనుక నడిచే జావా కోడు తరచుగా ఒకటే. అయినా సైటుకొక నకలు తీసే అలవాటు పోలేదు. నకలు తీయడం సులభం, సవరించడమే దుష్కరం. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే భద్రతాలోపం బయటపడినప్పుడు, ఎన్ని నకళ్లుంటే అన్నిచోట్లా వెదకవలసి వచ్చింది.

మేము సూచించే పద్ధతి ఇది: ఉమ్మడి కోడును వెర్షన్ సంఖ్యతో ఒక జార్ ఫైలుగా కూర్చాలి. ప్రతి సైటూ దానిని తన వార్ ఫైలులో చేర్చుకొని, బొమ్మలు, స్టైల్‌షీట్లు మాత్రమే తనవిగా ఉంచుకోవాలి. 2009 నాటి సర్వ్‌లెట్ 3.0 ప్రమాణం మేరకు సాధారణ పేజీలనూ జార్‌లోని నిర్ణీత ఫోల్డరులో పెట్టవచ్చు. అదే పేరుగల పేజీ సైటులో ఉంటే దానికే ప్రాధాన్యం.

ఉమ్మడి కోడులో ‘ఫలానా సైటైతే’ అనే షరతులు చొరబడరాదు. ఆ భేదాలు సెట్టింగుల ఫైలుకే పరిమితం కావాలి. అప్పుడే లోపాన్ని ఒకేచోట సరిదిద్దగలం. పాత జార్ ఎక్కడ మిగిలిందో వెర్షన్ సంఖ్యే చెబుతుంది.