శిష్యుని పేరు మొదట

గురువు గొప్పతనాన్ని దేనితో కొలవాలి? 35 ఏండ్లు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి పొందిన నన్ను ఈ ప్రశ్న ఇంకా వదలలేదు. జపాను దేశపు అకసాకి ఇసాము ఆచార్యుల చరిత్ర చదివినప్పుడు అది మళ్ళీ ఎదురై నిలిచింది.

నీలికాంతినిచ్చే ఎల్.ఇ.డి. దీపానికి గాను 2014లో ఆయనకు, అమనో హిరోషికి, నకమురా షూజీకి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఎరుపు, ఆకుపచ్చ దీపాలు అంతకు మునుపే ఉన్నాయి. నీలం కుదరకపోవడం వల్ల ఆ దీపాలతో తెల్లని వెలుగు సాధ్యం కాలేదు. అందుకు తగిన అర్ధవాహకం గాలియం నైట్రైడ్ అని అకసాకి నమ్మారు. కాని నీలమణి పలక మీద దాని స్ఫటికాన్ని పెంచబోతే రెండింటి పరమాణువుల అమరికలో సుమారు 16 శాతం తేడా! పొర పగుళ్ళు బారేది. చాలామంది విసిగి జింక్ సెలినైడ్ వైపు మళ్ళారు. యతి కుదరనప్పుడు పదం మార్చుకోవడం మా పద్యవిద్యలో ఉన్నదే. ఆయన మాత్రం పదం మార్చనన్నారు.

1981లో ఆయన నగోయా విశ్వవిద్యాలయానికి తిరిగి వచ్చారు. మరుసటి ఏడు అమనో డిగ్రీ విద్యార్థిగా ఆయన ప్రయోగశాలలో చేరాడు. సులువుగా పట్టా వచ్చే అంశాన్ని చూపకుండా, తనకే లొంగని సమస్యను గురువు ఆ కుర్రవాడి చేతిలో పెట్టారు. పరికరాన్ని కూడా వారే కూర్చుకొన్నారు. 1500కు పైగా ప్రయోగాలు చేసినా మంచి స్ఫటికం రాలేదు. 1985లో ఒకనాడు కొలిమి కావలసినంత వేడెక్కలేదు. ఆ తక్కువ వేడిలోనే అల్యూమినియం నైట్రైడును పలుచగా పరచి, ఆపైన అధిక ఉష్ణంలో గాలియం నైట్రైడు పెంచితే అద్దం వంటి పొర వచ్చింది.

1986లో వెలువడిన ఆ పరిశోధనపత్రంలో నాలుగు పేర్లున్నాయి. మొదటిది అమనోది, మూడవది అకసాకిది. పి-రకం గాలియం నైట్రైడును సాధించిన 1989 నాటి పత్రంలోనూ శిష్యుని పేరే ముందు, గురువు పేరు చిట్టచివర. "శాస్త్రాలలో అది వాడుకే నాన్నగారూ" అన్నాడు మా అబ్బాయి. కావచ్చు. ఆ వాడుక మన పండితలోకానికి ఎందుకు రాలేదో మరి!

పరులనడం ఎందుకు, నా సంగతే చెబుతాను. తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు ఒకనాడు నాకొక కందపద్యం తెచ్చి చూపాడు. రెండుచోట్ల గణభంగం, ఒకచోట యతిభంగం. ఎర్రసిరాతో కొట్టివేసి, నాలుగు పాదాలూ నేనే తిరిగి వ్రాసి, వార్షికోత్సవ సంచికకు పంపాను. క్రింద వాడి పేరే వేయించాను. చాలా ఉదారంగా ప్రవర్తించానని అప్పుడు మురిసిపోయాను కూడా. వాడు మరి పద్యం తేలేదు. అక్కడ 1500 సార్లు తప్పనిచ్చారు. నేను ఒక్క పద్యంలో మూడు తప్పులు ఓర్వలేకపోయాను.

మార్కులు, ర్యాంకులు తెప్పించినవాడే మంచి మాస్టారని నేటి లెక్క. తప్పు చేయడానికి తావిచ్చిన మాస్టారికి ఆ లెక్కలో చోటు లేదు. అమనో 1989లో డాక్టరేటు పొందాడు. 1992లో గురువు మెయిజో విశ్వవిద్యాలయానికి మారితే తానూ వెంట వెళ్ళాడు. అకసాకి 2021లో, 92వ ఏట కన్నుమూశారు.

మొన్న తెనాలి బస్టాండులో ఆ పిల్లవాడు కనబడ్డాడు. తల నెరిసింది. "మాస్టారూ, బాగున్నారా?" అని వంగి కాళ్ళకు నమస్కరించాడు. ఇప్పుడేమైనా వ్రాస్తున్నావా అని అడగడానికి నాకు నోరు రాలేదు.