ఎవరి మైకు వాళ్ళదయ్యాక

పోయిన నెల అటక సర్దుతుంటే పాత బూట్ల డబ్బాలో రెండు మైకులు దొరికాయి. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. రెండింటి తీగలూ చిక్కుపడ్డ జడలా పెనవేసుకుపోయి ఉన్నాయి. కిందికి తెచ్చి బల్లమీద పెడితే మావారు చూసి, "ఇంకా దాచావా ఇవి? పడేసెయ్" అన్నారు. నేను కూర్చుని అరగంట ఆ చిక్కు తీసి, మైకులు తుడిచి, మళ్ళీ అదే డబ్బాలో పెట్టాను.

ఎందుకు పడెయ్యలేదో చెప్తాను. అవి సింగ్‌స్టార్ అనే పాటల వీడియో గేమ్ తాలూకు మైకులు. వంటింటి ఆవిడకి వీడియో గేముల సంగతి ఎందుకు అనుకోకండి. మా ఇంట్లో ఉన్న గేములన్నిట్లో నేను చేత్తో ముట్టుకున్నది అదొక్కటే, నేను గెలిచింది కూడా అందులోనే. పదేళ్ళ తర్వాత అదే పేరుతో కొత్తది వస్తే నేనెందుకు నిరుత్సాహపడ్డానో, అందులో ఆడవాళ్ళం ఆలోచించాల్సింది ఏముందో, ఈ రెండు మైకులూ గుర్తుచేశాయి.

మేం ఉండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో. సింగ్‌స్టార్ లండన్ స్టూడియోలో తయారై, 2004లో ప్లేస్టేషన్ 2 కోసం ఇక్కడ విడుదలైంది. మరుసటి ఏడు శీతాకాలంలో మా ఇంటికొచ్చింది. డబ్బాలో ఒక డిస్కు, దానిమీద ముప్ఫై పాటలు, రెండు మైకులు. అంతే. పాట పెడితే టీవీలో అసలు వీడియోయే వస్తుంది. కింద పాట మాటలు, వాటితోపాటు చిన్న చిన్న గీతలు కదులుతుంటాయి. స్వరం పైకి వెళ్తే గీత పైకి, కిందికి దిగితే కిందికి. మనం సరైన స్వరంలో పాడితే ఆ గీత రంగుతో నిండుతుంది. పూర్తి మార్కులు పదివేలు. మరీ అన్యాయంగా పాడితే "టోన్ డెఫ్" అని, అంటే నీకు శ్రుతి చెవికెక్కదు అని, టీవీ మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. ఆ బిరుదు మా ఇంట్లో మొదట అందుకున్నది ఎవరో మావారి పరువు కోసం రాయడం లేదు.

అప్పటికి మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, అమ్మాయికి ఐదు. అత్తయ్యగారు ఆరునెలల వీసా మీద వచ్చి ఉన్నారు. అబ్బాయి స్నేహితులు వచ్చినప్పుడు నేను నోరు విప్పేదాన్ని కాదు. నా ఇంగ్లీషు రాజమండ్రి ఇంగ్లీషు. ఒకసారి వాడి స్నేహితుడెవరో నా మాట అర్థంకాక రెండుసార్లు అడిగితే, వాడు చిన్నబుచ్చుకుని వంటగదిలోకి వచ్చి, "అమ్మా, నువ్వు మాట్లాడకు, నేను చెప్తాలే" అన్నాడు. చిన్నపిల్లాడు, తప్పు పట్టను. కానీ అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

అలాంటి ఇంట్లో ఒక సాయంత్రం పిల్లలు నలుగురూ పాడి అలిసిపోయి, "ఆంటీ, మీరు" అంటూ ఎరుపు మైకు నా చేతిలో పెట్టారు. పాట ఎ-హా వాళ్ళ "టేక్ ఆన్ మీ". విన్నవాళ్ళకి తెలుసు, పల్లవి మెట్లెక్కినట్టు పైకి పోతూనే ఉంటుంది. పిల్లలందరూ అక్కడే గొంతు చిట్లిపోయి ఆగిపోయారు. నాకు ఆ మాటలు సగం తిరగవు. కానీ గీతలు ఎక్కడం దిగడం చూస్తుంటే చిన్నప్పటి జంటస్వరాలు గుర్తొచ్చాయి. పదో తరగతి వరకు సంగీతం నేర్చుకున్నాను లెండి. ఇంటర్‌లో మానేశాను, పెళ్ళయ్యాక మరిచిపోయాను.

ఆ గేమ్‌లో నాకు కలిసొచ్చిన సంగతులు రెండు. ఒకటి, అది స్వరాన్నే చూస్తుంది, స్థాయిని చూడదు. పై షడ్జమం అందకపోతే కింది షడ్జమంలో పాడినా మార్కులు పడతాయి. అందుకే మగగొంతు పాట ఆడవాళ్ళూ, పెద్దవాళ్ళ పాట పిల్లలూ పాడగలరు. రెండోది ఇంకా గొప్పది. అది మాటలు వినదు! స్వరం, కాలం సరిపోతే చాలు. నువ్వు పాడింది ఇంగ్లీషా, తెలుగా, ఒట్టి ఆ-కారమా దానికి అక్కర్లేదు. టీవీ ముందు నా యాసకి మార్కులు తగ్గలేదు. పాట అయ్యేసరికి గదిలో అందరికంటే ఎక్కువ మార్కులు నావే. మా అబ్బాయి నా మొహంకేసి చూసిన చూపు చెప్పలేను. తర్వాత వాడే స్నేహితులకి ఫోన్ చేసి, "మా అమ్మని ఓడించండి చూద్దాం" అనేవాడు.

అత్తయ్యగారైతే ఇంకా నయం. ఇంగ్లీషు అక్షరం రాదు. నీలం మైకు పట్టుకుని, కళ్ళు మూసుకుని, హారతి పాటకి తీసినట్టు రాగం తీసేవారు. ఆవిడకీ మార్కులు వచ్చేవి. పక్కింటి పెద్దావిడ వచ్చిన రోజున ఇద్దరూ జట్టు. ఒకరి భాష ఒకరికి తెలీదు. మధ్యలో మైకు చేతులు మార్చుకుంటూ పాడే ఆట కూడా ఒకటి ఉండేది అందులో, జట్టులో ఒకరు ఆపగానే ఇంకొకరు అందుకోవాలి. వాళ్ళిద్దరూ ఆ మైకు అందుకునే కంగారు చూసి మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

ఇప్పుడు 2014కి రండి. ప్లేస్టేషన్ 4 కోసం "సింగ్‌స్టార్ అల్టిమేట్ పార్టీ" వచ్చింది. అబ్బాయి అప్పటికి యూనివర్సిటీలో మొదటి సంవత్సరం. క్రిస్మస్ సెలవులకి వస్తూ నాకోసమే తెచ్చాడు, "అమ్మా, నీ ఆట కొత్తది" అంటూ. అత్తయ్యగారు కూడా ఆ చలికాలం మా దగ్గరే ఉన్నారు. జంతికలు చేసి పెట్టుకుని అందరం కూర్చున్నాం.

డబ్బా తెరిస్తే డిస్కు ఒక్కటే. మైకులేవిరా అంటే, "ఇప్పుడు మైకులు అక్కర్లేదమ్మా, ఫోనే మైకు" అన్నాడు. యాప్ దించుకోవాలి, ఇంటి వైఫైకి కలపాలి, ఫోన్ నోటిదగ్గర పెట్టుకుని పాడాలి. తెలివైన ఆలోచనే, కాదనను. మైకులు కొనే ఖర్చు లేదు, తీగలు కాళ్ళకి అడ్డంపడవు. పిల్లలిద్దరూ చకచకా కలిపేసుకున్నారు. అప్పటికి నాది బొత్తాల ఫోను. అత్తయ్యగారికి అసలు ఫోనే లేదు.

అబ్బాయి తన ఫోన్ నానమ్మకిచ్చాడు. ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని "హలో" అన్నారు. అందరం నవ్వాం. ఆవిడా నవ్వారు. పాట మొదలైంది. ఆవిడ పాడబోయేంతలో ఫోన్‌లో ఏదో మెసేజ్ టింగుమంది. వాడు, "నానమ్మా, ఒక్క నిమిషం, అది నొక్కకు" అంటూ తీసుకున్నాడు. చూసి మళ్ళీ ఇచ్చాడు. ఇంకోసారి టింగుమంది. మూడోసారి ఆవిడే ఫోన్ వాడి ఒళ్ళో పెట్టేసి, "మీరు పాడండ్రా, నేను వింటాను" అన్నారు. విన్నారు కూడా, జంతికల పళ్ళెం పక్కన పెట్టుకుని. మళ్ళీ అడగలేదు.

ఎక్కడా ఏదీ పాడవలేదు. గేమ్ తను చెప్పిన పని చేసింది. నా నిరుత్సాహం అది కాదు. మైకు అనేది ఇంకొకళ్ళకి ఇవ్వడానికే పుట్టిన వస్తువు. అందులో ఎవరి రహస్యాలూ ఉండవు. ఫోన్ అలా కాదు, అందులో మన సంసారమంతా ఉంటుంది. చేతికిచ్చినా కళ్ళు దానిమీదే ఉంటాయి. మైకు ఇవ్వగలిగినట్టు ఫోన్ ఇవ్వలేం.

మన పెళ్ళి భోజనాలే చూడండి. బంతిలో కూర్చుంటే పక్కవాళ్ళ ఆకులో పప్పు పడిందో లేదో మనమూ చూస్తాం, "ఇటు కాస్త నెయ్యి" అని వాళ్ళ తరఫున మనమే కేకేస్తాం. బఫేలో ఎవరి పళ్ళెం వాళ్ళది. వంటకాలు ఎక్కువే ఉంటాయి, తొందరగానూ అయిపోతుంది. కానీ ముసలివాళ్ళు ఓ మూల కుర్చీలో కూర్చుని ఎవరైనా తెచ్చిపెడతారేమోనని చూస్తుంటారు. పాత సింగ్‌స్టార్ బంతి భోజనం, కొత్తది బఫే.

మావారి వాదన వేరు. "గేమ్ మారలేదు, మనం మారాం. అప్పుడు పిల్లలు చిన్నవాళ్ళు, అందుకే బాగుంది. ఇప్పుడు నీకు బెంగ, దాన్ని గేమ్ మీదకి తోస్తున్నావు" అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. పద్ధెనిమిదేళ్ళ కుర్రాడు తొమ్మిదేళ్ళవాడిలా అమ్మ పాటకి గంతులు వెయ్యడు. ఆ లోటు ఏ కంపెనీ తీర్చలేదు. దాన్ని నేను గేమ్ ఖాతాలో రాయను.

కానీ మర్నాడు జరిగింది కూడా చెప్పాలి కదా. అబ్బాయికి నానమ్మ సంగతి మనసులో పడినట్టుంది. ఈ పాత మైకులు కొత్త మెషిన్‌కీ పనిచేస్తాయని తెలుసుకుని, అటక ఎక్కి తెచ్చి తగిలించాడు. అవే పిల్లలు, అవే వయసులు, అదే కొత్త గేమ్. మైకులు రెండూ హాల్లోకి వచ్చేసరికి అత్తయ్యగారు కొంగు బిగించారు. అరగంటసేపు ఇల్లంతా పాతరోజుల్లాగే అయింది. మరి మారింది మనమొక్కళ్ళమే అయితే ఆ అరగంట ఎక్కడినుంచి వచ్చింది?

అరగంటే ఎందుకంటే పాటలు అయిపోయాయి. డిస్కులో ముప్ఫై ఉన్నా అవి చాలావరకు పిల్లల కాలపువి, అత్తయ్యగారికీ నాకూ చెవిన పడినవి తక్కువ. పాత డిస్కు ఈ మెషిన్‌లో ఆడదు. ఇంకా కావాలంటే ఆన్‌లైన్ దుకాణంలో ఒక్కో పాటా డబ్బిచ్చి కొనుక్కోవాలి. మావారు కొన్ని కొన్నారు. ఆ దుకాణాన్ని 2020 జనవరి 31న మూసేశారు. అప్పటికే మెషిన్‌లో దించుకున్న పాటలు ఉంటాయి కానీ, ఒకసారి పోతే మళ్ళీ దించుకునే దారి లేదు. 2004 డిస్కుకి ఆ బాధ లేదు. గీతలు పడకుండా చూసుకుంటే ఇవాళ్టికీ పాడుతుంది. ఆవకాయ జాడీ మన అలమరలో ఉండటానికీ, రోజూ కొట్టుకెళ్ళి గరిటెడు తెచ్చుకోవడానికీ ఉన్న తేడా ఇది. కొట్టు కట్టేస్తే అన్నంలోకి ఏమీ ఉండదు.

కొత్తది వద్దనే మనిషిని కాను. నాకూ ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ ఉంది, అందులోనే ఇది రాస్తున్నాను. కానీ రెండో భాగం అన్నాక, మొదటిదాన్ని మనం దేనికి ప్రేమించామో అదైనా మిగల్చాలి. వాళ్ళు మైకుని ఒక ఖర్చుగా చూసి తీసేశారు. మా ఇంట్లో ఆ మైకే ఆట.

అప్పటినుంచీ ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వస్తానన్నా నేను ఒక్కటే అడుగుతున్నాను. టీవీ కానీ, గేమ్ కానీ, గోడకి తగిలించి మాట్లాడే పెట్టె కానీ, ఇంట్లో అందరికంటే తక్కువ తెలిసిన మనిషి ఎవరినీ బతిమాలకుండా దీన్ని వాడగలదా? వాడలేదంటే అది ఎంత కొత్తదైనా, ఆ మనిషిని మూల కుర్చీలో కూర్చోబెట్టేదే. ఇవాళ ఆ మనిషి అత్తయ్యగారు. రేపు ఆ కుర్చీ మనదే.

అత్తయ్యగారు పోయి నాలుగేళ్ళయింది. నీలం మైకు జాలీకి ఒకచోట చిన్న సొట్ట ఉంది, ఆవిడ చేతిలోంచి జారి పడ్డప్పటిది. చిక్కు తీసిన తీగల్ని ఈసారి విడివిడిగా చుట్టి రబ్బరు బ్యాండ్లు వేశాను. డబ్బా అటకమీద పెట్టలేదు, హాల్లో టీవీ కింద పెట్టాను.